మిణుగురు వెలుగులో క్యాన్సర్ అన్వేషణ

వ్యాధిని జయించాలంటే ముందుగా దానిని చూడగలగాలి. క్యాన్సర్ విషయంలో ఈ మాట మరింత సత్యం. ఒక ఘన సెంటీమీటరు పరిమాణం గల కణితి అంటే స్థూలంగా 10 కోట్ల నుండి 100 కోట్ల కణాల సమూహం. వైద్యుని చేతి స్పర్శకు అది అందేది సాధారణంగా ఆ దశలోనే. ఒకే ఒక్క కణం రెండుగా, రెండు నాలుగుగా విభజన చెందుతూ ఆ సంఖ్యకు చేరడానికి సుమారు 30 పర్యాయాలు రెట్టింపు కావాలి. అనగా కణితి మన కంటబడే నాటికే దాని ప్రయాణంలో అధికభాగం ముగిసిపోయి ఉంటుంది.

చికిత్స తరువాతి స్థితి కూడా ఇటువంటిదే. 100 కోట్ల కణాలున్న కణితిపై ఒక ఔషధం ప్రయోగించి, నూటికి 99.9 వంతుల కణాలను నశింపజేశామనుకుందాం. అది ఘనవిజయమే. అయినప్పటికీ ఇంకా 10 లక్షల కణాలు మిగిలే ఉంటాయి. అవన్నీ కలిస్తే ఒక ఆవగింజంత కూడా ఉండవు. చేతికి తగలవు, కంటికి కనబడవు. రోగం నయమైనట్లే తోస్తుంది. కొంతకాలానికి ఆ మిగిలిన కణాల నుండే వ్యాధి తిరిగి మొలకెత్తుతుంది.

ఈ సత్యాన్ని వైద్యలోకానికి తొలినాళ్లలోనే చాటిన ఔషధం వెనుక ఒక తెలుగువాని కృషి ఉన్నదని మనం స్మరించుకోవాలి. భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో ఆయన బృందం అమినోప్టెరిన్ అనే పదార్థాన్ని తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దానిని రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, వ్యాధి లక్షణాలు వెనుకకు తగ్గినట్లు 1948లో ప్రకటించారు. అంతవరకు ఎవరూ సాధించలేని ఫలితమది. కాని ఆ ఉపశమనం తాత్కాలికమే అయింది. కనబడకుండా పోయిన వ్యాధి మళ్లీ కనబడింది.

ఎందుకిలా జరుగుతున్నదో అమెరికాలోని అలబామా రాష్ట్రానికి చెందిన హోవర్డ్ స్కిప్పర్, ఆయన సహచరులు 1964లో చిట్టెలుకలపై ప్రయోగాలతో నిరూపించారు. ఒక మోతాదు మందు ప్రతిసారీ కణాలలో ఒక నిర్ణీత నిష్పత్తిని మాత్రమే చంపుతుందనీ, ఆ ఎలుకలకు ప్రాణాంతకమైన వ్యాధిని కలిగించడానికి ఒకే ఒక్క రక్తక్యాన్సర్ కణం చాలుననీ వారు తేల్చారు. నాటినుండి క్యాన్సర్ పరిశోధకుల ముందు ఒక ప్రశ్న నిలిచింది. ప్రాణంతో ఉన్న జంతువు శరీరంలో దాగిన ఆ కొద్ది కణాలను, వీలైతే ఆ ఒక్క కణాన్ని, చూడగలమా? ఈ ప్రశ్నకు కాంతిశాస్త్రం, ఎలక్ట్రానిక్స్, జీవశాస్త్రం కలిసి చెప్పిన సమాధానమే ఈ వ్యాస విషయం.

సజీవ కణమే దీపం

ఎక్స్‌-కిరణాలు, అయస్కాంత ప్రతిధ్వని చిత్రణ వంటి పద్ధతులు శరీరంలోని ఆకృతులను చక్కగా చూపుతాయి. అయితే చుట్టూ ఉన్న కండరానికీ, దానిలో చిక్కుకున్న కొద్దిపాటి క్యాన్సర్ కణాలకూ ఆకృతిలో చెప్పుకోదగిన భేదం ఉండదు. ఆ కణాలు తమంతట తామే వెలుగును విరజిమ్మితే ఈ చిక్కు తొలగిపోతుంది. అమావాస్య రాత్రి తోటలో ఆకులేవో కొమ్మలేవో తెలియకపోయినా మిణుగురు ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది కదా!

పరిశోధకులు ఆశ్రయించినది సరిగ్గా ఆ మిణుగురునే. దాని శరీరంలో లూసిఫెరిన్ అనే పదార్థాన్ని లూసిఫెరేజ్ అనే ఎంజైము ఆక్సిజన్‌తో చేర్చినప్పుడు కాంతి పుడుతుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం మెక్‌ఎల్రాయ్ ఈ చర్యకు ఏటీపీ అనే శక్తివాహక అణువు కూడా తప్పనిసరి అని 1947లో కనుగొన్నారు. తన ప్రయోగాలకు కావలసిన పురుగుల కోసం ఆయన బాల్టిమోర్ నగరంలోని పిల్లలకు 100 మిణుగురులకు 25 సెంట్ల చొప్పున చెల్లించేవారట. ఆ ఏటీపీని కండరాలలో 1929లో గుర్తించినవారు జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి పనిచేసిన మన సుబ్బారావుగారే. జీవించి ఉన్న ప్రతి కణంలోనూ ఏటీపీ ఉంటుంది. మరణించిన కణంలో అది త్వరలోనే క్షీణిస్తుంది. కనుక మిణుగురు దీపం వెలిగితే ఆ కణం సజీవంగా ఉన్నదని అర్థం. మందు పనిచేసినదా లేదా అని తెలుసుకోవడానికి ఇంతకంటె సూటియైన గుర్తు దొరకడం కష్టం.

లూసిఫెరేజ్‌ను తయారుచేసే జన్యువును 1985లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వేరుచేశారు. మరుసటి ఏడాది ఆ జన్యువును పొందిన పొగాకు మొక్క చీకటిలో వెలిగింది. 1995లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టఫర్ కాంటాగ్, పమేలా కాంటాగ్, వారి సహచరులు వెలుగునిచ్చే బాక్టీరియాను చిట్టెలుక శరీరంలో ప్రవేశపెట్టి, దాని వ్యాప్తిని వెలుపల ఉంచిన కెమేరాతో చిత్రించారు. అనతికాలంలోనే అదే పద్ధతి క్యాన్సర్ కణాలకూ వర్తించింది. జన్యువును పొందిన క్యాన్సర్ కణాలు విభజన చెందినప్పుడు పిల్లకణాలకు కూడా ఆ దీపం సంక్రమిస్తుంది. పరీక్ష చేయదలచినప్పుడు ఎలుకకు లూసిఫెరిన్‌ను సూదిమందుగా ఇస్తారు. సాధారణ మోతాదు కిలో బరువుకు 150 మిల్లీగ్రాములు. మత్తు వాయువు ఇచ్చి, వెచ్చని పీటపై పడుకోబెట్టి, 10 నుండి 20 నిమిషాల తరువాత చీకటి పెట్టెలో ఫొటో తీస్తారు. ఎలుకకు నొప్పి ఉండదు. కొద్దిసేపటికి లేచి తిరుగుతుంది.

శరీరమనే అడ్డుగోడ

వినడానికి ఇది సులభంగానే ఉన్నది. కాని కణం నుండి వెలువడే కాంతి అత్యల్పం. పైగా అది కెమేరాను చేరాలంటే రక్తమాంసాలను దాటాలి. రాత్రివేళ టార్చిలైటును అరచేతికి ఆనించి వెలిగిస్తే వేళ్లు ఎర్రగా కనబడటం మనమందరం చిన్నతనంలో చూసినదే. టార్చి ఇచ్చేది తెల్లని కాంతి. ఇవతలికి వచ్చేది ఎరుపు మాత్రమే. రక్తంలోని హీమోగ్లోబిన్ నీలం, ఆకుపచ్చ, పసుపు రంగులను విరివిగా శోషించుకుంటుంది. తరంగదైర్ఘ్యం 600 నానోమీటర్లు దాటిన తరువాత ఆ శోషణ వేగంగా తగ్గుతుంది. మరోవైపు 900 నానోమీటర్లు దాటితే శరీరంలోని నీరు కాంతిని మింగడం మొదలుపెడుతుంది. ఈ రెంటి నడుమ, సుమారు 650 నుండి 900 నానోమీటర్ల వరకు ఉన్న భాగాన్ని శాస్త్రజ్ఞులు కాంతికి తెరచిన కిటికీగా పేర్కొంటారు.

మిణుగురు ఎంజైము గది ఉష్ణోగ్రతలో పసుపుపచ్చ కాంతిని ఇస్తుంది. చిట్టెలుక శరీరపు వేడిమి అయిన 37 డిగ్రీల వద్ద ఆ కాంతి ఎరుపు వైపు జరిగి సుమారు 610 నానోమీటర్ల వద్ద శిఖరానికి చేరుతుంది. ఇది ప్రకృతి చేసిన చిన్న మేలు. అయినప్పటికీ ఒక సెంటీమీటరు మాంసాన్ని దాటేసరికి మిగిలేది స్థూలంగా పదవ వంతు మాత్రమే. రెండు సెంటీమీటర్లయితే నూరవ వంతు. అందుకే చర్మం క్రింద సులభంగా కనబడే కణాలు ఊపిరితిత్తులలోనో మెదడులోనో ఉంటే అగోచరమవుతాయి.

శోషణతోపాటు పరిక్షేపణం కూడా ఉన్నది. పాలలో వెలిగించిన దీపం వలె కాంతి అన్ని దిక్కులకు చెదరి, ఒక బిందువు పెద్ద మచ్చగా కనబడుతుంది. ఈ చివరి సంగతిని జ్ఞాపకముంచుకోవాలి. ముందు దీనితో పని ఉన్నది.

సంకేతమూ, రొదా

కర్మాగారంలో పనిచేసినవారికి ఒక అనుభవం ఉంటుంది. పగటిపూట యంత్రాలన్నీ తిరుగుతుండగా ఒక బేరింగులో పుట్టిన సన్నని గరగర ఎవరికీ వినబడదు. అదే గరగర, మిగిలిన యంత్రాలు ఆగిన వేళ, స్పష్టంగా చెవికి సోకుతుంది. బేరింగు శబ్దం పెరగలేదు. చుట్టూ రొద తగ్గింది. కొలత పరికరాల సూక్ష్మగ్రాహ్యత యావత్తూ ఈ ఒక్క సూత్రంపై ఆధారపడి ఉన్నది. సంకేతం ఎంత ఉన్నదన్నది సగం ప్రశ్న. దాని చుట్టూ రొద ఎంత ఉన్నదన్నది మిగిలిన సగం.

ఎలుకల చిత్రణలో వాడే కెమేరాల హృదయం సీసీడీ ఫలకం. దీనిని 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జి స్మిత్ రూపొందించారు. 2009లో నోబెల్ బహుమతి పొందారు. సిలికాన్ ఫలకంపై కాంతికణం పడినప్పుడు ఒక ఎలక్ట్రాను విడివడి చిన్న గడిలో నిలువ ఉంటుంది. చిక్కు ఏమిటంటే, కాంతి లేకపోయినా కేవలం వేడిమి వలన కూడా ఎలక్ట్రానులు విడివడుతుంటాయి. నిమిషాల తరబడి కెమేరా తెరచి ఉంచితే ఈ దొంగ ఎలక్ట్రానులే గడులను నింపివేస్తాయి. ఫలకాన్ని చల్లబరచడమే దీనికి విరుగుడు. ఉష్ణోగ్రత 7 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఈ ప్రవాహం సుమారు సగమవుతుంది. గది ఉష్ణోగ్రత నుండి సున్నాకు దిగువ 90 డిగ్రీల వరకు చల్లబరచామంటే, అది 15 సార్లు సగమైనట్లే. అనగా ముప్ఫై వేలవ వంతుకు పడిపోయినట్లు.

రెండవ ఉపాయం ఫలకాన్ని తిరగవేయడం. సాధారణ ఫలకంలో కాంతి ముందుగా విద్యుత్తు పట్టీలను దాటి రావాలి. ఆ దారిలో చాలా నష్టపోతుంది. ఫలకాన్ని వెనుకవైపు నుండి బాగా పలుచబరచి, ఆ వైపే కాంతిని స్వీకరిస్తే నూటికి 85కు పైగా కాంతికణాలు లెక్కలోకి వస్తాయి.

మూడవది చదివే విధానం. గడిలోని ఎలక్ట్రానులను లెక్కించే ప్రతిసారీ కొంత రొద కలుస్తుంది. ఇరుగుపొరుగున ఉన్న 16 గడులను విడివిడిగా చదివి కూడితే రొద 4 రెట్లవుతుంది. అదే 16 గడుల ఎలక్ట్రానులను ముందే ఒకచోట చేర్చి ఒకేసారి చదివితే రొద ఒక్క వంతే. సంకేతం మాత్రం పదహారింటిది. ఇందువలన చిత్రపు నైశిత్యం తగ్గుతుంది నిజమే. కాని మాంసంలో చెదరిన కాంతి ఎలాగూ పెద్ద మచ్చగానే వస్తున్నదని పైన చెప్పుకున్నాము. లేని నైశిత్యాన్ని వదులుకుంటే నష్టమేమున్నది?

ఎలుక మేతలో దొరికిన వెలుగు

కెమేరా ఎంత శ్రేష్ఠమైనదైనా, చుట్టూ ఉన్న చీకటి నిజమైన చీకటి కాకపోతే ప్రయోజనం లేదు. గదిలోని దీపం ఆర్పిన తరువాత కూడా కొన్ని రకాల ప్లాస్టిక్కులు, కాగితాలు, రంగులు కొంతసేపు మందకాంతిని వెలువరిస్తూనే ఉంటాయి. మన కంటికి అది తెలియదు; చల్లబరచిన సీసీడీకి తెలుస్తుంది. అందుచేత చీకటి పెట్టె లోపలి ప్రతి వస్తువునూ ఏరి ఎంచుకోవలసి వస్తుంది. నల్లని రోమాలు కాంతిని మింగుతాయి కనుక రోమాలు తొలగించాలి, లేదా రోమరహిత జాతి ఎలుకలను వాడాలి. ఈ రోమరహిత ఎలుకలకు పుట్టుకతోనే థైమస్ గ్రంథి లోపించడం వలన అవి మానవ క్యాన్సర్ కణాలను తిరస్కరించవు. పరిశోధనకు ఇది మరొక సౌకర్యం.

మిణుగురు పద్ధతికి తోబుట్టువు వంటిది ప్రతిదీప్తి పద్ధతి. ఇందులో ఒక రంగుపదార్థంపై బయటినుండి కాంతిని ప్రసరింపజేస్తే, అది వేరొక రంగు కాంతిని తిరిగి ఇస్తుంది. జన్యువును మార్చవలసిన అవసరం లేకపోవడం దీని గుణం. బయటి కాంతి తగిలినప్పుడు శరీరం కూడా స్వయంగా మెరవడం దీని దోషం. పట్టపగలు నక్షత్రాన్ని వెదకడం వంటిదిది. ఈ వెదుకులాటలో పరిశోధకులు గమనించిన ఒక విషయం ముచ్చటగొలుపుతుంది. ఎలుకల పొట్టభాగం ఎప్పుడూ ఎర్రగా మెరుస్తూ ఉండేది. ఆ మెరుపు వాటి మేతలోని లూసర్న్ గడ్డిది. గడ్డిలోని పత్రహరితం 670 నానోమీటర్లకు సమీపంలో కాంతినిస్తుంది. పరీక్షకు కొన్ని రోజుల ముందునుండి పత్రహరితం లేని మేత పెట్టగా ఆ మెరుపు చాలావరకు తగ్గిపోయింది. ఖరీదైన పరికరమేదీ కొనకుండానే, మేత మార్చి సూక్ష్మగ్రాహ్యతను పెంచారన్నమాట!

నేపథ్యాన్ని చీకటిగా ఉంచడానికి రసాయనశాస్త్రం మరొక మార్గం చూపింది. హార్వర్డుకు చెందిన రాల్ఫ్ వైస్‌లెడర్ బృందం 1999లో ఒక కొత్త రకం సూచక పదార్థాన్ని వెల్లడించింది. ఒక పొడవైన అణువుపై రంగు అణువులను దగ్గరదగ్గరగా అమర్చితే అవి ఒకదాని వెలుగును మరొకటి ఆర్పివేస్తాయి. కణితులలో అధికంగా ఉండే కొన్ని ఎంజైములు ఆ అణువును త్రుంచినప్పుడు రంగు అణువులు విడిపోయి వెలుగుతాయి. శరీరమంతా తిరిగినా ఆ దీపం తన గమ్యం చేరేవరకు వెలగదు.

దీపపు రంగును మార్చుట

ఇక మిగిలినది దీపాన్నే మెరుగుపరచడం. మిణుగురు చర్యలో 100 లూసిఫెరిన్ అణువులు ఖర్చయితే 88 కాంతికణాలు పుడతాయని 1960లో అంచనా కట్టారు. జపాన్ శాస్త్రజ్ఞులు 2008లో మరింత జాగ్రత్తగా కొలిచి, ఆ సంఖ్య 41 మాత్రమేనని తేల్చారు. ఇంజనీరు దృష్టితో చూస్తే ఈ సంఖ్యలో ఒక సందేశమున్నది. ఈ దక్షతను నూటికి నూరు చేసినా లాభం రెండున్నర రెట్లకు మించదు. వందల రెట్ల లాభం కావాలంటే వెదకవలసిన చోటు వేరే. కాంతి రంగును కిటికీలోకి జరపాలి. లూసిఫెరిన్ శరీరంలోని మూలమూలలకు చేరేటట్లు చూడాలి. ఆ కొత్త లూసిఫెరిన్‌కు తగిన ఎంజైమును మలచాలి.

జపాన్‌లోని రికెన్ సంస్థకు చెందిన అత్సుషి మియవాకి, ఆయన సహచరులు 2018లో సాధించినది ఇదే. అకాలుమిన్ అనే కృత్రిమ లూసిఫెరిన్ సుమారు 650 నానోమీటర్ల ఎర్రని కాంతినిస్తుంది. మెదడు వంటి అవయవాలకు కూడా చక్కగా చేరుతుంది. దానికి అనుగుణంగా మార్పులు చేసిన ఎంజైము అకాల్యూక్. ఈ రెండూ కలిసినప్పుడు, సాధారణ మిణుగురు పద్ధతి కంటె 100 నుండి 1,000 రెట్లు అధికమైన వెలుగు శరీరం వెలుపల నమోదయింది. చిట్టెలుక ఊపిరితిత్తులలో చిక్కుకున్న ఒకటి రెండు కణాలను సైతం కెమేరా గుర్తించగలిగింది. ఒక్క కణం చాలునని స్కిప్పర్ చెప్పిన 54 సంవత్సరాలకు ఆ ఒక్క కణం కంటబడింది.

కొలత పరిమితులు

కొలత పరికరాలతో పనిచేసేవారు ఎన్నడూ మరువరాని నియమం ఒకటున్నది. మీటరు సున్నా చూపినంత మాత్రాన అక్కడ ఏమీ లేదని అర్థం కాదు. ఆ మీటరు కొలవగలిగిన కనీస పరిమాణం లేదని మాత్రమే అర్థం. ఎలుక చిత్రంలో చుక్క మాయమైనప్పుడు కూడా ఈ వివేకం అవసరం. కణితి మధ్యభాగంలో తరచుగా ఆక్సిజన్ కొరవడుతుంది. ఆక్సిజన్ లేనిదే మిణుగురు దీపం వెలగదు. కణితికి రక్తసరఫరాను అడ్డుకునే మందు ఇస్తే లూసిఫెరిన్ కూడా అక్కడికి సరిగా చేరదు. అప్పుడు కణాలు బ్రతికి ఉన్నా వెలుగు తగ్గుతుంది; మందు అద్భుతంగా పనిచేసిందని పొరబడే అవకాశం కలుగుతుంది. కనుక మంచి ప్రయోగశాలలు వెలుగును మాత్రమే నమ్మక, ఇతర పద్ధతులతో సరిచూసుకుంటాయి. తాము ఎంత లోతులో ఎన్ని కణాల వరకు చూడగలమో ముందే నిర్ధారించుకుంటాయి.

మూగజీవాల ఋణం

ఈ కృషిలో మరొక పార్శ్వం కూడా ఉన్నది. పూర్వం కణితి ఎంత పెరిగిందో తెలుసుకోవడానికి ప్రతి దశలోనూ కొన్ని ఎలుకలను చంపి పరీక్షించవలసి వచ్చేది. ఉదాహరణకు 5 దశలు, దశకు 8 ఎలుకలు అనుకుంటే మొత్తం 40 ప్రాణాలు. చిత్రణ ద్వారా అయితే అవే 8 ఎలుకలను మొదటినుండి చివరివరకు గమనించవచ్చును. ఒకే జంతువును పలుమార్లు కొలవడం వలన జంతువుకూ జంతువుకూ ఉండే సహజ భేదాలు లెక్కను చెడగొట్టవు. సూక్ష్మగ్రాహ్యత పెరిగినకొద్దీ, కణితి బాధాకరమైన స్థితికి చేరకముందే ప్రయోగాన్ని ముగించవచ్చును.

జంతువులకు బదులు వేరే మార్గం ఉంటే దానిని ఎంచుకోవాలనీ, లేనప్పుడు వాటి సంఖ్యను తగ్గించాలనీ, వాటి బాధను ఉపశమింపజేయాలనీ బ్రిటన్ శాస్త్రజ్ఞులు రసెల్, బర్చ్ 1959లో ప్రతిపాదించారు. మరుసటి సంవత్సరమే మన దేశంలో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. అందులో జంతు ప్రయోగాలపై పర్యవేక్షణకు ఏర్పాటున్నది. 1998లో వివరమైన నిబంధనలు కూడా వెలువడినవి. ఈ నిబంధనల స్ఫూర్తిని పాటించడానికి కాంతి చిత్రణ ఒక చక్కని సాధనం. కెమేరా ఫలకాన్ని మరికొన్ని డిగ్రీలు చల్లబరచే ఇంజనీరు, తనకు తెలియకుండానే కొన్ని మూగప్రాణులను కాపాడుతున్నాడని చెప్పవచ్చును.

ప్రయోగశాల నుండి శస్త్రచికిత్సా మందిరానికి

మిణుగురు జన్యువును మనిషి శరీరంలోని కణితిలో చొప్పించడం సాధ్యం కాదు. మన దేహం ఎలుక దేహం వలె పలుచనిదీ కాదు. కాని ఎలుకలపై నేర్చిన ప్రతిదీప్తి పాఠాలు మనిషికి ఉపయోగంలోకి వచ్చినవి. శస్త్రచికిత్స సమయంలో అండాశయ క్యాన్సర్ భాగాలను వెలిగించి చూపే పాఫొలాసియనిన్ అనే ఔషధాన్ని అమెరికా ప్రభుత్వం 2021 నవంబరులో ఆమోదించింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అణువుకు పరారుణ కాంతినిచ్చే రంగుపదార్థాన్ని జోడించి దీనిని తయారుచేశారు. ఆ క్యాన్సర్ కణాలకు ఫోలిక్ ఆమ్లంపై ఆకర్షణ అధికం. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసినది సుబ్బారావుగారి నాయకత్వంలోని లెడర్లీ బృందమే కావడం మనకు గర్వకారణం. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో కోతకుహరంలో మిగిలిపోయిన కణాలను చూపే పెగులిసియనిన్‌కు 2024 ఏప్రిల్‌లో ఆమోదం లభించింది. కణితి ఎంజైములు త్రుంచినప్పుడే వెలిగే సూచక పదార్థమిది. 1999 నాటి ఆలోచనకు వారసురాలు.

ఇందులో ఏ ఒక్క మెట్టూ తనంతట తాను గొప్ప అద్భుతమనిపించదు. ఒకరు పురుగులను ఏరి రసాయనాన్ని తెలుసుకున్నారు. ఒకరు ఫలకాన్ని పలుచబరచారు. ఒకరు పెట్టెలోని ప్లాస్టిక్కును మార్చారు. మరొకరు మేతలోని గడ్డిని తొలగించారు. ఒక్కొక్కరు రెండు రెట్లో పది రెట్లో సాధించగా, అవన్నీ గుణించుకొని, కోట్ల కణాల వద్ద ఆగిపోయిన మానవ దృష్టి ఒక్క కణం వరకు చేరింది. చికిత్స ముగిసిన తరువాత "ఇంకా ఏమైనా మిగిలి ఉన్నదా?" అని అడిగే రోగికి వైద్యుడు మరింత నిశ్చయంతో సమాధానం చెప్పగల రోజు రావడానికి ఈ ఓపికే ఆధారం. ఆ రోజు రావాలని మనమందరం కోరుకుందాం.